ముప్పై ఆరు ఖాళీ గడులు

ఒకటి రెండు మూడు నాలుగు, రెండు రెండు మూడు నాలుగు, మూడు రెండు మూడు నాలుగు, ఇలాగే లెక్కపెట్టమంది పక్క కుర్చీలో హార్న్ వాయించే ఆర్లీన్, పాట కాగితం మీద నాలుగు దెబ్బలకో గడి, ప్రతి గడికీ మొదటి దెబ్బ దగ్గర ఆ గడి నంబరు చెప్పుకో, మిగతా మూడు దెబ్బలూ మామూలుగా చెప్పుకో, అప్పుడు తప్పిపోవు అంది, తప్పిపోవడమే కదా నా భయమంతా, ముప్పై ఆరు గడుల పాటు నేనేమీ వాయించకూడదు, హార్న్ ఒళ్లో నిలబెట్టుకుని బొమ్మలా కూర్చోవాలి, ముప్పై ఏడో గడిలో మాత్రం రెండో హార్న్ ఒక్కటే, ముందు ఎవరూ దారి చూపించకుండా, మెత్తగా మొదలుపెట్టి ఎనిమిది గడులు వాయించాలి. రెండో హార్న్‌కి జన్మకోసారి వచ్చే సోలో ఇది, ఈ పాట రాసినాయన పెళ్లాం రెండో హార్న్ అయ్యుంటుంది అంది ఆర్లీన్. ఆ ఎనిమిది గడులు వస్తే ఈ కుర్చీ నాది, హార్న్ ఇంటికి తీసుకుపోవచ్చు. రాకపోతే ఎనిమిదింటికి దీన్ని పెట్టెలో పెట్టేసి, థాంక్స్ చెప్పి, కోటు వేసుకుని మెట్లెక్కి వెళ్లిపోవాలి, అంతే, మళ్లీ ఎవరూ పిలవరు. నాలుగు రెండు మూడు నాలుగు.

వెళ్లిపోవడం కూడా అంత తేలిక కాదు. గుర్రపు నాడాలా కూర్చుంటారు ఈ బ్యాండ్ వాళ్లు. నాడా తెరిచిన వైపు బ్యాండ్ మాస్టర్ వెండెల్ ట్రెహార్న్, పగలు కళ్లద్దాల షాపు, గురువారం సాయంత్రాలు ఈ చర్చి కింది గది. ఆయన ఎడమచేతి వైపు కార్నెట్లనే పొట్టి బాకాలు, కుడిచేతి వైపు యుఫోనియంలూ ట్రాంబోన్లూ, సరిగ్గా నడుమన, అందరి కళ్లకీ ఎదురుగా మా హార్న్‌లు మూడు, మా వీపుల వెనక గోడకి ఆనుకుని నాలుగు పెద్ద బేస్‌లు, గున్నేనుగులని ఒళ్లో పెట్టుకున్నట్టు. ఇందులోంచి బయటికి పోవాలంటే బేస్ వాయించే స్టాన్ లేవాలి, ఆయన లేవాలంటే ఆ ఏనుగుని ఎత్తాలి, అది ఎత్తాలంటే పక్కవాళ్ల కాగితాలు కింద పడాలి. వచ్చేటప్పుడు ఇదంతా చూశాను. ఆర్లీన్ నన్ను చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెడుతుంటే, బావిలోకి దించుతున్నట్టు, ఒక్కో వరసా నా వెనక మూసుకుంటూ వచ్చింది. ఎదుటి గోడ మీద ఆదివారం బడి పిల్లలు అంటించిన నోవా ఓడ, జిరాఫీ మెడ జిగురు ఊడి వేలాడుతోంది, దాని పైన గడియారం, ఏడూ నలభై రెండు. ఏడు రెండు మూడు నాలుగు. ఆరు చెప్పానా? చెప్పాను. ఏడు చెప్పాను. ఎనిమిది రెండు మూడు నాలుగు.

నా పిల్ల జూనీ ఆరుంబావుకి పాలు తాగింది. ఆరుంబావు నుంచి ఏడుంబావు గంట, ఏడున్నరకి గంటంబావు, అంటే ఈపాటికి పిడికిలి నోట్లో కుక్కుకుని అటూ ఇటూ తల తిప్పుతూ ఉంటుంది, నేను లేనని ఇంకా తెలియకుండా వెతుకుతూ. సీసా పట్టదు. పాలు పిండి ఫ్రిజ్‌లో పెట్టొచ్చాను, గోరువెచ్చగా చెయ్యండి, మణికట్టు మీద చుక్క వేసి చూడండి అంటే, మా అత్త లోర్నా నా వైపు చూసిన చూపు, నేను కర్టిస్‌ని పెంచలేదా అన్న చూపు. బ్యాండా? ఐదు నెలల పిల్లని పెట్టుకుని నీకు బ్యాండేంటే? కాళ్లకి తెల్లబూట్లు వేసుకుని వీధుల్లో ఊరేగుతావా? ఊరేగరండీ, ఈ బ్యాండ్ కూర్చునే వాయిస్తుంది అన్నాను. కూర్చునే పనైతే ఇంట్లోనే కూర్చో అంది. కర్టిస్ మూడింటికే కోల్డ్ స్టోరేజీకి వెళ్లిపోయాడు, పదకొండు దాకా రాడు, వెళ్తూ తలుపు దగ్గర, మా అమ్మని ఒప్పించుకుంటే నాకేం లేదు బ్రెన్నా అన్నాడు, ఒప్పించడం తన పని కానట్టు. చివరికి లోర్నా, ఒక్క గంట, ఎనిమిది దాటిందంటే పిల్లని తెచ్చి నీ బాకా మీద పడుకోబెడతా అంది. ఎనిమిది దాటదులెండి అన్నాను. గురువారాలన్నీ ఇలాగే అని చెప్పలేదు. ఏప్రిల్లో పోటీ అనీ, అప్పటిదాకా ఆదివారం మధ్యాహ్నాలు కూడా అనీ చెప్పలేదు. ఒక గంట అడగడానికే నాకు నాలుగు రోజులు పట్టింది. పన్నెండు రెండు మూడు నాలుగు.

యుఫోనియం మొదలైంది, పోస్టు పంచే ఆవిడ వాయిస్తోంది, చలికి పగిలి ఎర్రబడ్డ చేతులు, ఆ చేతుల్లోంచి ఇంత మెత్తటి ధ్వని వస్తుందని ఎవరనుకుంటారు, అరటి దూటని గోటితో చీలుస్తున్నట్టు చల్లగా, లోలోపలికి పోతోంది. వినకూడదు. వింటే లెక్క పోతుంది. పదమూడు. బడిలో నాకు లెక్కపెట్టే అవసరం రాలేదు, ఆరుగురం ఉండేవాళ్లం హార్న్‌ల వాళ్లం, ఒకళ్లు మొదలుపెడితే మిగతా వాళ్లం దూరిపోయేవాళ్లం. అది వేరే హార్న్, గుండ్రంగా నత్తలా చుట్టుకుని, దాని నోరు వెనక్కి తిరిగి, ఆ నోట్లో కుడిచెయ్యి దూర్చి ఎడమచేతి వేళ్లతో మీటలు నొక్కాలి. ఇది బ్రిటిష్ వాళ్ల పద్ధతి హార్న్, నోరు పైకి చూస్తుంది, ఎడమచేత్తో పొదివి పట్టుకుని కుడివేళ్లతో మీటలు నొక్కాలి. అంతా తారుమారు. ఏడేళ్లు ఎడమ వేళ్లకి నేర్పిన చదువంతా కుడి వేళ్లకి అయోమయం, అవి పెద్దవాళ్ల మధ్య తప్పిపోయిన పిల్లల్లా ఎటు నొక్కాలో తెలియక నిలబడిపోతున్నాయి. ఇందాక మొదటి పాటలోనే ఆర్లీన్ కనిపెట్టేసింది, నా వైపు తిరక్కుండా పెదాల చివర్నుంచి, బడి హార్న్ కదూ నీది అంది. అవునండీ. చూశాలే, ఎడమ వేళ్లు గొట్టాన్ని పీకుతున్నాయి, పీకనీ, వాటి పాపాన అవే పోతాయి, కుడివాటిని తిట్టకు, కొత్త కోడళ్లు అవి అంది. నవ్వొచ్చింది. నవ్వితే కుట్లు గుంజాయి. ఐదు నెలలైనా కడుపు కింద కాన్పుకి కోసిన ఆ గీత దగ్గర ఊపిరి తెగిపోతుంది, ఊదడమంటే పొట్టలోంచి ఊదడం, నా పొట్టలో ఇప్పుడు మధ్యలో అతుకు. పదహారు రెండు మూడు, పదహారేనా, అవును, కాగితం మీద అక్కడ ఎవరో పెన్సిల్‌తో చిన్న కళ్లద్దాలు గీశారు, ఇక్కడ మాస్టర్ వైపు చూడు అని. పదిహేడు.

కిందటి మార్చిలో ఆ హార్న్ తిరిగిచ్చేశాను. ఇంకో రెండు నెలల్లో బడి అయిపోయేది. రక్తం కనబడిందని డాక్టరు మంచం దిగొద్దన్నాడు, మంచం దిగకుండా బడికెలా వెళ్తారు, మా అమ్మ హార్న్ పెట్టె కారు వెనక సీట్లో పెట్టి తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేసింది, వాళ్లు ఒక కాగితం ఇచ్చారట, ఏ సొట్టా లేకుండా అందినది అని. నాకా కాగితం చూపించింది మా అమ్మ, సంతోషిస్తాననుకుని. తర్వాత పరీక్షలు రాయొచ్చన్నారు, మళ్లీ వేసవి తర్వాత అన్నారు, మళ్లీ పిల్ల కాస్త పెద్దయ్యాక అన్నారు, ఇప్పుడు ఎవరూ ఏమీ అనడం లేదు. లాండ్రీ షాపులో జూనీ గుడ్డలు ఆరుతుంటే గోడ మీద చీటీ చూశాను. రెండో హార్న్ కుర్చీ ఖాళీ, వాద్యం మేమే ఇస్తాం, చదవడం వస్తే చాలు. స్వరాలు చదవడం గురించే రాశారని తెలుసు, అయినా ఆ మాట దగ్గర ఆగిపోయాను, చదవడం వస్తే చాలు, ఎక్కడిదాకా చదివావని అడగలేదు. గుడ్డలు ఆరి యంత్రం ఆగిపోయినా అక్కడే నిలబడ్డాను, వెనకావిడ, ఏమ్మా తీస్తావా, నా దుప్పట్లు కుళ్లిపోతున్నాయి అనేదాకా. ఇరవయ్యొకటి రెండు మూడు నాలుగు.

ఆర్లీన్‌ని నేను గుర్తుపట్టలేదు. ఆవిడే గుర్తుపట్టింది. మెట్లు దిగుతుంటే, మిల్ రోడ్డు మూడో స్టాపు, నీలం సంచి, ఎడమవైపు కిటికీ అంది. మా బడి బస్సు నడిపింది ఆవిడే, ఏడేళ్లు ఆవిడ వీపే చూశాను, ముఖం ఎప్పుడు చూశానని. కిందటి జనవరిలో రోజూ పొద్దున్నే ఆ బస్సులో నాకు కడుపులో తిప్పేది, రైలుగేటు దగ్గర మరీను, ఒకరోజు ఆపుకోలేక సంచిలోనే, అద్దంలోంచి ఆవిడ చూసి మాట్లాడకుండా బస్సు పక్కకి తీసి తలుపు తెరిచింది, వెనక కుర్రాళ్లు గోల గోల చేస్తుంటే, నోరు ముయ్యండి, ఇంజను వేడెక్కింది అంది. అంటే మా అమ్మకన్నా ముందు, కర్టిస్ కన్నా ముందు, నాకన్నా కూడా ముందేమో, ఆవిడకే తెలుసు. ఇప్పుడా మాటే ఎత్తలేదు. నాకో పెన్సిల్ ఇచ్చి, ఇక్కడ ఒక పద్ధతుంది చెప్తా విను తల్లీ, తప్పు వాయిస్తే చెయ్యెత్తాలి, చాలు, నాదే అన్నట్టు, ఎవరూ ఏమనరు, ఎందుకొచ్చిందని అడగరు, ఎత్తకపోతే మాత్రం వెండెల్ వెతుకుతాడు, ఒక్కొక్కళ్లనీ వాయించమంటాడు, అది అందరికీ చావు అంది. ఇరవై నాలుగు. ఇరవై నాలుగా ఐదా. ఐదు.

అప్పుడు వచ్చింది. ముందు ఎడమవైపు, సూదులు గుచ్చినట్టు, తర్వాత రెండువైపులా, పాలు. యుఫోనియం పైకెక్కి అక్కడే నిలిచిపోయింది, ఆ ఒక్క స్వరం మీద, ఆకలేసిన పిల్ల మొదటిసారి గొంతెత్తినప్పుడు ఉంటుందే, ఇంకా ఏడుపు కాదు, పిలుపు, అలా. నా ఒంటికి ఆ తేడా తెలియలేదు. పాలు పీల్చే గుడ్డ మెత్తలు ఎక్కడున్నాయి, జూనీ సంచిలో, ఆ సంచి లోర్నా దగ్గర, నా ఒంటి మీద బూడిదరంగు స్వెటర్, చుక్క నీళ్లు పడినా నల్లగా కనబడే రంగు, ఇంకేదీ లేనట్టు ఇదే ఎందుకు వేసుకున్నాను, మిగతావేవీ ఛాతీ దగ్గర పట్టలేదు కనక. వెచ్చగా పాకుతోంది. హార్న్‌ని దగ్గరికి లాక్కున్నాను, ఇత్తడి చల్లగా తగిలింది, ఇంకా గట్టిగా అదుముకున్నాను, ఇది ముందు అడ్డం ఉన్నంతసేపూ ఎవరికీ కనబడదు, ఎనిమిది దాకా దింపకూడదు, ఎనిమిదింటికి కోటు, కోటు అక్కడ ట్రాంబోన్ల వెనక కొక్కేనికి, దాని జేబులో ఫోను, అది మోగుతున్నా నాకు తెలియదు, జూనీ సీసాని తోసేస్తూ ఉంటుంది, నాలుకతో తోస్తుంది, పాలు మెడలోకి కారి ముడతల్లో, లోర్నా ఆ ముడతలు తుడవదు, ఎర్రబడతాయి, పోనీ ఇప్పుడే లేచి వెళ్లిపోతే, స్టాన్ గారూ కొంచెం లేస్తారా అని, లేస్తే ఇదంతా కనబడుతుంది, కూర్చుంటే ఇంకా కారుతుంది, యుఫోనియం ఆగింది, నిశ్శబ్దం, వెండెల్ చెయ్యి గాల్లో ఉంది, ఇదే, ఇదే కదా, ముప్పై ఆరు అయిపోయాయి, నేనే, అందరూ నా కోసమే ఆగారు, ఊపిరి తీసుకుని ఊదాను.

గట్టిగా వచ్చింది. మెత్తగా రావలసింది భయానికి గట్టిగా వచ్చింది. ఆ నిశ్శబ్దంలో గేదె అరిచినట్టు ఒక్కదాన్నే. కార్నెట్ల వైపు ఎవరో ఉలిక్కిపడి మోకాలు స్టాండుకి కొట్టుకున్నారు. వెండెల్ కర్ర దింపాడు. ఆయన కోపంగా చూడలేదు, కళ్లద్దాలు పైకి తోసుకుని కాగితంలోకి చూసి, ముప్పై ఒకటి, అన్నాడు, ఎవరో ముప్పై ఒకటో గడిలోకి దూకారు, ఎవరది?

ఎవరో అందరికీ తెలుసు. హార్న్ ఇంకా నా పెదాల దగ్గరే ఉంది. అయినా అడిగాడు, అదే పద్ధతి, చెయ్యెత్తాలి. ఎత్తడమెంతసేపు. కానీ కుడిచెయ్యి ఎత్తితే ఈ బరువు ఎడమచేతి మీద పక్కకి ఒరుగుతుంది, ఒరిగితే ఛాతీ. ఎడమచెయ్యి ఎత్తాలంటే హార్న్ ఒళ్లోకి దింపాలి, దింపితే ఛాతీ. ఏడాదిగా నా తప్పు ఎవరికీ చెప్పనక్కర్లేకుండా నాకన్నా ముందు నడిచింది, గదిలోకి నాకన్నా ముందు నా పొట్ట వెళ్లేది, కిరాణాకొట్లో, చర్చిలో, బడి ఆఫీసులో, అందరి కళ్లూ ముందు అక్కడ పడి తర్వాత పైకి వచ్చేవి, అయ్యో ఈ పిల్లా అన్నట్టు. ఇప్పుడిక్కడ ఎవరికీ ఏదీ తెలియని గంట ఒకటి దొరికింది, హార్న్ వెనక నేనెవరినో తెలియని గంట. చెయ్యెత్తకపోతే ఒక్కొక్కళ్లని వాయించమంటాడు. ఆర్లీన్ కదలడం లేదు. కాగితాన్నే చూస్తోంది. ఆవిడ నా బదులు చెయ్యెత్తుతుందేమో అనుకున్నాను, ఇంజను వేడెక్కింది అంటుందేమో అనుకున్నాను, ఎత్తలేదు, అనలేదు. వీపు వెనక స్టాన్ ముక్కుతో ఊపిరి తీయడం వినబడుతోంది. హార్న్ ఒళ్లోకి దింపి చెయ్యెత్తాను.

చూశారు. రెండు నల్లటి మరకలు, సాసర్లంత. ఒక కార్నెటాయన చటుక్కున బూటు లేసు కట్టుకోడానికి వంగాడు. పోస్టావిడ తల పక్కకి వాల్చి, ఎప్పటిదో గుర్తొచ్చినట్టు, తన ఛాతీ మీద చెయ్యి వేసుకుంది. వెండెల్ నా ముఖమే చూశాడు. ముప్పై ఏళ్లుగా ఈ కర్ర తిప్పుతున్నా, ఇంత నమ్మకంగా తప్పు వాయించినవాళ్లని చూడలేదమ్మా, ఆ జోరు దాచిపెట్టు, కవాతు పాటలో వాడుకుందాం, ఇక్కడ మాత్రం గుసగుస, అన్నాడు. వెనక స్టాన్, నేను పంతొమ్మిదేళ్లుగా అదే గడిలో పడుతున్నా సార్, నన్నెప్పుడూ పొగడలేదు అన్నాడు. నువ్వు పడితే భూకంపం అనుకుంటార్రా, అది తప్పు లెక్కలోకి రాదు అన్నాడు వెండెల్. అందరూ నవ్వారు, నా మీద కాదు, ఆ తేడా నాకు వెంటనే తెలియలేదు, చెవులు కాలిపోతున్నాయి. ఆర్లీన్ కుర్చీ వెనక ఉన్న తన ఊలు చొక్కా తీసి నా భుజాల మీద పడేసి, చలేస్తోంది నీకు అంది. ఆ గదిలో చెమటలు పడుతున్నాయి. ముందు బొత్తాలు పెట్టుకో తల్లీ, తర్వాత లెక్కపెట్టుకో అంది.

మళ్లీ మొదటి నుంచి. ఒకటి రెండు మూడు నాలుగు. ఈసారి ఏమీ అనుకోకూడదు. రెండు. మూడు. ఏమీ అనుకోకూడదనుకోవడం కూడా అనుకోవడమే. ఏడూ నలభై ఆరు. ఊలు చొక్కాకి దగ్గుమందు వాసన. తొమ్మిది. పది. పెన్సిల్‌తో ఐదేసి గడులకి ఒక గీత గీస్తున్నాను, జైలు గోడ మీద రోజులు గీసుకున్నట్టు, ఇందాకే ఇది తట్టలేదెందుకో. పదిహేను. పోస్టావిడ మళ్లీ అదే దారిలో నడుస్తోంది, ఈసారి ఇంకా నెమ్మదిగా, పాలు మళ్లీ వస్తున్నాయి, రానీ, దాచడానికి ఏమీ లేదు, దాచడానికి ఏమీ లేకపోతే ఒళ్లు ఇంత తేలికవుతుందా, తేలికైంది అనుకుంటూండగానే ఇరవై రెండో గడిలో వినబడింది. పైన తలుపు. చలిగాలి మెట్ల మీదుగా దిగి చీలమండల్ని తాకింది. ఆ గాలి వెనకే జూనీ ఏడుపు.

ఈసారి యుఫోనియం కాదు. నిజంగా జూనీ. నా పిల్ల ఏడుపుల్లో నాకు నాలుగు తెలుసు, ఇది నాలుగోది, ఊపిరి ఆగిపోయేది, ఏడ్చి ఏడ్చి ఇక శబ్దం రాక నోరు తెరిచి ఉండిపోయి, మళ్లీ ఒక్కసారి పగిలేది. మెట్ల దగ్గర లోర్నా, మంచు బూట్లతో, దుప్పట్లో చుట్టిన పిల్లతో. నన్ను వెతికింది. ఇంతమంది మధ్య కూరుకుపోయి ఉన్న నన్ను చూసింది. కళ్లతోనే, రా, అంది. ఇరవై ఆరు. ఎనిమిది కాలేదు ఇంకా, ఇంకా పదకొండు నిమిషాలుంది, నాతో ఎనిమిది అంది. ఇరవై ఏడు. వెండెల్‌కీ వినబడింది, వినబడకుండా ఎలా ఉంటుంది, ఆయన కర్ర ఆగలేదు, నా వైపు చూశాడు, ఆపమంటావా అని కాదు, పొమ్మనీ కాదు, ఉండమనీ కాదు, నీ ఇష్టం అన్నట్టు కూడా కాదు, కాగితంలో ముందు ఏముందో అది చూస్తున్నట్టు చూశాడు. కాళ్లు వాటంతటవే లేవబోయాయి. లేస్తే ఈ పాట ఇక్కడ ఆగుతుంది, మూడోసారి మొదలుపెట్టరు, టైము లేదు, ఎనిమిదికి హార్న్ పెట్టెలోకి పోతుంది, ఏ సొట్టా లేకుండా అందినది. కూర్చుంటే నా పిల్ల నా కళ్లముందు, నేను తల్లినేనా, ముప్పై, ముప్పై రెండు మూడు నాలుగు, ఎనిమిది గడులంటే ఎంత, అర నిమిషం, అర నిమిషంలో పిల్లకేం కాదు, డైపరు మార్చేటప్పుడు అంతకన్నా ఎక్కువ ఏడుస్తుంది, కాదు, అప్పుడు నేను దగ్గరుంటాను, చెయ్యి పొట్ట మీద వేసి ఉంచుతాను, ముప్పై మూడు, జూనీకి నేను కనబడుతున్నానా, కనబడకపోతే బాగుండు, ముప్పై నాలుగు, ఊపిరి ఆగింది దానికి, మళ్లీ రాలేదు, రా, రా, పగులు, పగిలింది, ముప్పై ఐదు, యుఫోనియం ఈసారి నిజంగా ఆగింది, ఇందాకటిలా ఊపిరి కోసం కాదు, ముప్పై ఆరు, ఎవరూ లేరు, ఏమీ లేదు, వెండెల్ ఎడమచెయ్యి నా వైపు తెరుచుకుంది.

వాయించాను. మెత్తగానే వచ్చింది మొదటిది. కుడి వేళ్లు ఆలోచించే వ్యవధి లేక నడిచాయి. నా స్వరానికీ జూనీ ఏడుపుకీ నడుమ ఎవరూ లేరు, కార్నెట్లు లేవు, బేస్‌లు లేవు, ఇద్దరమే ఆ గదిలో, నేను వాయిస్తుంటే అది ఏడుస్తోంది, అది ఏడుస్తున్నా నేను వాయిస్తున్నాను, ఈ మాట ఎవరికైనా ఎప్పటికైనా ఎలా చెప్పడం. మూడో గడిలో స్వరం కొంచెం దిగజారింది, పెదవి బిగించి లేపాను. ఐదో గడిలో కుట్ల దగ్గర ఊపిరి తెగబోయింది, తెగనివ్వలేదు. ఏడు. ఎనిమిది. ఆర్లీన్ హార్న్ వచ్చి నా కింద చేరి నన్ను దింపుకుంది. నా కాగితం మీద తర్వాత పధ్నాలుగు ఖాళీ గడులు. లేచి హార్న్ కుర్చీలో పెట్టాను. స్టాన్ అప్పటికే తన ఏనుగుని తల మీదికెత్తి నిలబడి ఉన్నాడు.

మెట్ల మీద మూడో మెట్టు దగ్గర కూర్చుని ఊలు చొక్కా కిందనించి జూనీని పెట్టుకున్నాను. రెండుసార్లు కొరికి, కోపం తీర్చుకుని, అప్పుడు పట్టింది. ముఖమంతా చీమిడి, కనురెప్పలు అట్టలు కట్టాయి. లోర్నా నిలబడే ఉంది, చేతులు కోటు జేబుల్లో దోపుకుని.

"చూశావుగా నన్ను," అంది.

"చూశాను."

"చూసి కూడా బాకా ఊదావు."

లోపల బ్యాండంతా ఒక్కసారి లేచింది, పధ్నాలుగు గడులూ అయిపోయాయన్నమాట, నేను లేకుండా అయిపోయాయి, అందరూ కలిసి వాయించే చోటు, నేను ఉండాల్సిన చోటు. ఎంత గట్టిగా వాయిస్తున్నారో, అయినా అందులో ఏదో లేదు. ముందు నా భ్రమనుకున్నాను. పై స్వరాలున్నాయి, అడుగున స్టాన్ ఉన్నాడు, నడుమన ఒక పళ్లెం లేనట్టు, అన్నం పెట్టి కూర మరిచిపోయినట్టు. లోపల కూర్చున్నప్పుడు నా స్వరం నాకే వినబడేది కాదు, ఉన్నా లేకపోయినా ఒకటే అనుకున్నాను.

"ఆపండి, ఆపండి," వెండెల్ గొంతు. "నడుమ చిల్లు పడింది. రెండో హార్న్ ఏది?"

"పాలిస్తోంది సార్," స్టాన్.

"ఎంతసేపు?"

నన్నే అడుగుతున్నాడని అప్పుడు అర్థమైంది. "పన్నెండు నిమిషాలు!" అని అరిచాను. జూనీ ఉలిక్కిపడి, వదల్లేదు.

"పన్నెండట. సరే, అయితే ఎనిమిదింబావు దాకా కూర్చుందాం. ఈలోగా కార్నెట్లూ, మీ బండారం బయటపెడదాం, రెండో పేజీ." కార్నెట్ల వైపునుంచి మూలుగు. "ఇంకో బిడ్డని కూడా తెప్పించండమ్మా, ఇరవై నాలుగు నిమిషాలైతే మా పని అయిపోతుంది," ఎవరో అన్నారు.

"ఇంతమంది మగాళ్లలో అరిచి చెప్పుకోవాలా," అంది లోర్నా. కాసేపటికి మళ్లీ, "నీ పేరు కూడా తెలీదల్లే ఉంది వాళ్లకి."

"తెలుసండీ. రెండో హార్న్ అంటే అది కుర్చీ పేరు."

"అయితే ఆ కుర్చీ ఇచ్చేశారా నీకు?"

ఇచ్చాం అని ఎవరూ చెప్పలేదు. కానీ ఎనిమిదింబావు దాకా కూర్చుంటామన్నారు, నడుమ చిల్లు అన్నారు. "ఇచ్చారు," అన్నాను. నోట్లోంచి వచ్చేసింది కనక మిగతాది కూడా చెప్పేశాను, గురువారాలు, ఏప్రిల్ దాకా ఆదివారం మధ్యాహ్నాలు, తర్వాత కూడా గురువారాలు. ఒక్క ఊపిరిలో చెప్పాను. ఇంకో ఊపిరి తీసుకుంటే చెప్పలేనని తెలుసు.

పింగాణీ ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్లు కప్పులు రంగునీళ్లలో ముంచిన చేతులు లోర్నావి, జేబుల్లోంచి తీయలేదు. "నాకెవ్వరూ గంట ఇవ్వలేదు," అంది. కోపంగా అనలేదు. బయట మంచు పడుతోంది అన్నంత మామూలుగా అంది. నాకు ఏడుపొచ్చింది, ఆవిడ తిట్టి ఉంటే బాగుండేది, తిట్టుకి ఎదురు నిలబడొచ్చు, దీనికెలా. ఇక ఇంటికి పోదాం పదండి అనబోయాను. నిజంగానే అనబోయాను. పిల్ల వెచ్చగా, మెట్టు వెచ్చగా, లోపల కార్నెట్లు ఒకే ముక్కని మళ్లీ మళ్లీ తప్పు వాయిస్తున్నాయి, ఇక్కడ ఇలాగే కూర్చుండిపోతే ఎవరూ నన్ను తప్పుపట్టరు, ఎవరైనా అవునంటారు, పిల్ల తల్లి, పాపం, ఏం చేస్తుంది అంటారు, నా మిగతా రోజులన్నీ ఆ ఒక్క మాటతో గడిచిపోతాయి. జూనీ తాగడం లేదు ఇప్పుడు. నిద్రలో ఊరికే చప్పరిస్తోంది, దవడ రెండుసార్లు ఆడుతుంది, ఆగుతుంది, వదులుదామంటే మళ్లీ గట్టిగా పడుతుంది. ఇలా అరగంటైనా ఉంటుంది, నేను ఉంటే.

చిటికెన వేలు దాని నోటి మూలలోంచి మెల్లగా చిగుళ్ల మధ్యకి పోనిచ్చాను. పట్టు వదిలింది. చిన్న చప్పుడైంది, పెదాల మీద పాలచుక్క నిలిచింది, కళ్లు తెరవలేదు. స్వెటర్ దింపుకుని, బొత్తాలు పెట్టుకుని, లేచి నిలబడి పిల్లని లోర్నా వైపు చాపాను. ఆవిడ నన్ను చూసింది, పిల్లని చూసింది. లోపల వెండెల్, హార్న్‌లూ సిద్ధమా అంటున్నాడు. చేతులు లాగుతున్నాయి, ఐదు నెలల పిల్ల ఇంత బరువుంటుందని ఎప్పుడూ తెలియలేదు. లోర్నా జేబుల్లోంచి చేతులు తీసేదాకా అలాగే చాపి పట్టుకుని నిలబడ్డాను.